ఏకార్న్ స్క్వాష్ చేదుగా ఉంటే బెల్లం వేసి వండకండి, పారేయండి

అమెరికాలో పెరటి తోట పెంచుకునే మనవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, ఊరూ పేరూ లేని ఏకార్న్ స్క్వాష్ (గుమ్మడి జాతి చిన్న కాయ) విత్తనాలు కొనకండి. ఇప్పటికే నాటి ఉంటే, కాయ కోశాక చిన్న పచ్చిముక్క నాలుకకు తాకించి చూసి, ఉమ్మేసి, ఆ తర్వాతే వంట సంగతి ఆలోచించండి.

మాది న్యూజెర్సీ. ఆన్‌లైన్‌లో కొన్న అలాంటి విత్తనాలే నేల వేడెక్కాక మే నెలాఖరులో నాటాం. మొక్కలు ఏపుగా పెరిగాయి, కాయలూ బాగా దిగాయి. కొన్ని గుండ్రంగా, పాలిపోయి, ఒంటినిండా బుడిపెలతో ఉన్నాయి. మరికొన్ని మాత్రం అచ్చం షాపులో కాయల్లాగే ముదురాకుపచ్చ రంగులో, లోతైన చారలతో ఉన్నాయి. అలా చూడ్డానికి బాగున్న కాయే మా ఇంట్లో దప్పళంలో పడింది. చింతపండు, బెల్లం, కారం కలిసేసరికి చేదు సగం దాగిపోయింది. "కాస్త చేదుగా ఉందమ్మా, ఫర్వాలేదులే, చేదు ఒంటికి మంచిదే" అంటూ మావయ్యగారు తినేశారు. రాత్రికి వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. విషప్రభావం మీద సలహా ఇచ్చే హెల్ప్‌లైన్ పాయిజన్ కంట్రోల్ (1-800-222-1222) వాళ్ళకి ఫోన్ చేసి, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాం. ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కాకర చేదు వేరు, ఈ చేదు వేరు. గుమ్మడి, సొర, జుకినీ జాతుల్లో గట్టి చేదు వచ్చిందంటే కుకర్బిటాసిన్లు ఉన్నట్టే. పురుగులూ జంతువులూ తినకుండా అడవి రకాలు తయారు చేసుకునే విషం అది. ఉడికించినా, వేయించినా పోదు. 2015లో జర్మనీలో ఒక పెద్దాయన ఇంటితోటలో కాసిన చేదు జుకినీ తిని చనిపోయారు. 2010లో ఢిల్లీలో చేదెక్కిన సొరకాయ రసం తాగిన ఒక శాస్త్రవేత్త ప్రాణం పోయింది. ఆ తర్వాత ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ చేదుగా ఉన్న సొరకాయ రసం తాగవద్దని స్పష్టంగా చెప్పింది.

సెల్లర్‌కి ఫొటోలతో సహా రాస్తే వచ్చిన జవాబు: "మీరు నీళ్ళు సరిగ్గా పెట్టలేదు, లేదా పక్కన జుకినీ వేసి ఉంటారు." రిఫండ్ బదులు ఇంకో ప్యాకెట్ పంపుతామన్నారు. నీళ్ళు తక్కువైతే, ఎండ మరీ ఎక్కువైతే కొంచెం చేదు పెరగొచ్చు, నిజమే. కానీ అదే మడిలో, అదే డ్రిప్ నీళ్ళతో పెరిగిన బటర్‌నట్ గుమ్మడి తియ్యగా ఉంది. ఇక పక్కన జుకినీ ఉన్నా ఈ ఏడాది కాయ రుచి మారదు. పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చినా దాని ప్రభావం కాయలోని గింజల మీదే, అంటే వచ్చే ఏడాది పంట మీద. ఏకార్న్, జుకినీ, షోకి పెంచే చిన్న చిన్న గోర్డులు (అలంకరణ కాయలు) చాలావరకు ఒకే జాతి, ఇట్టే కలిసిపోతాయి. విత్తనాల కోసం వేసిన పొలంలో చేదు గోర్డు పుప్పొడి కలిస్తే, ఆ పాపం మన పెరట్లో బయటపడుతుంది. కాబట్టి తప్పు విత్తనానిదే.

అలాగని ప్రతి సమస్యకీ విత్తనాలమ్మినవాణ్ణి తిట్టడం న్యాయం కాదు. మొదట్లో వచ్చేవి ఎక్కువగా మగపూలే, పిందెలు లేవని కంగారు పడొద్దు. పిందె పసుపెక్కి రాలిపోతుంటే, ఉదయాన్నే మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో అద్దండి. మిట్టమధ్యాహ్నం తీగ ఒక్కసారిగా వాడిపోయి, కాండం మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది కనిపిస్తే కాండం తొలిచే పురుగు పట్టినట్టు. కాండాన్ని నిలువుగా చీల్చి పురుగుని తీసేసి, ఆ చోట మట్టి కప్పితే తీగ ఒక్కోసారి బతుకుతుంది. ఆకు అడుగున రాగిరంగు గుడ్లు కనిపిస్తే గీకేయండి. వేసవి చివర్లో బూడిద తెగులు ఎలాగూ వస్తుంది, మొక్కల మధ్య గాలి ఆడేలా ఎడం ఉంచడమే మేలు. ఇవేవీ చేదు తెప్పించవు.

విత్తనాలు కొనేటప్పుడు ప్యాకెట్ మీద రకం పేరు చూడండి. ఉత్తి "ఏకార్న్ స్క్వాష్" అని ఉంటే వదిలేయండి. టేబుల్ క్వీన్ 1913 నుంచీ అమ్ముతున్న పాత రకం. హనీ బేర్ పొదలా పెరిగే హైబ్రిడ్, బూడిద తెగులుని కాస్త తట్టుకుంటుంది, చిన్న పెరడుకి నాకు అదే నచ్చింది. లాట్ నంబర్, ఏ సంవత్సరానికి ప్యాక్ చేశారన్నదీ ఉండాలి. స్నేహితులు ప్రేమగా దాచి ఇచ్చిన గింజలైనా సరే, వాళ్ళ తోటలో జుకినీయో గోర్డులో ఉంటే ఇదే ప్రమాదం.

చేదు కాయలు కాసిన తీగని పీకేయండి. కాయలు కంపోస్టులో వేయకండి, ఆ గింజలు వచ్చే ఏడాది వాటంతటవే మొలుస్తాయి. ఇరుగుపొరుగుకి ఇప్పటికే పంచి ఉంటే ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. మేమూ అదే చేశాం, ఒకరింట్లో కాయ ఇంకా కోయకుండా కౌంటర్ మీదే ఉంది.