పాతిక వేలలో బేస్ గిటార్: కొత్తదా, సెకండ్ హ్యాండా?

చేతిలో రూ.25 వేలున్నాయి, బేస్ గిటార్ కొనాలి. ఏది మేలు? మన దగ్గర ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చర్చిలో వాయించే కుర్రాళ్లుంటారు, ఆర్కెస్ట్రాల్లో తిరిగేవాళ్లుంటారు, ఇళయరాజా పాటల్లో బేస్ విని ఆ పిచ్చిలో పడ్డవాళ్లుంటారు. నా సమాధానం ముందే చెప్పేస్తాను. నెక్ (తీగలు నొక్కే పొడవాటి చెక్క భాగం) చూసి మంచీచెడూ చెప్పగల మనిషి తోడుంటే పేరున్న కంపెనీ సెకండ్ హ్యాండ్ బేస్ కొనండి. అలాంటి మనిషి దొరక్కపోతే అవే కంపెనీల్లో అన్నిటికంటే తక్కువ ధర ఉన్న కొత్తది తీసుకోండి. పది వేలకు దొరికే కొత్త బేస్ జోలికి మాత్రం వీలైనంత వరకు వెళ్లొద్దు.

ముందు ఆ పది వేల బేస్ సంగతే చూద్దాం. బ్యాగు, కేబుల్, భుజానికి వేసుకునే బెల్టు అన్నీ కలిపి ఇచ్చేవి ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి. ఫొటోలో చూస్తే పేరున్న ఫెండర్ కంపెనీ జాజ్ బేస్‌కీ దానికీ తేడా తెలియదు. చెక్క, తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు కూడా మరీ తీసిపారేసేలా ఉండవు. తేడా అంతా చేతిపనిలో ఉంటుంది. ఫ్రెట్లన్నీ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) ఒకే ఎత్తులో లేకపోతే తీగ ఎక్కడో ఒకచోట పక్క ఫ్రెట్‌కి తగిలి జర్రుమంటుంది. ఆ చప్పుడు వినపడకుండా ఫ్యాక్టరీలోనే తీగల ఎత్తు పెంచి పంపేస్తారు. బేస్‌లో లావు తీగ మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. దాన్ని అంత ఎత్తు నుంచి నొక్కాలంటే కొత్తగా నేర్చుకునేవాడి వేళ్లు రెండు రోజులకే వాచిపోతాయి. తప్పు గిటార్‌ది అని వాడికి తెలియదు. తనకే చేతకావడం లేదనుకుని మూల పడేస్తాడు. డబ్బు పోవడం కన్నా అది నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఫ్రెట్లు లెవెల్ చేయిస్తే సరిపోతుంది కదా అనొచ్చు. సరిపోతుంది. కానీ ఆ పని శుభ్రంగా చేసేవాళ్లు చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. హైదరాబాద్‌కో చెన్నైకో తీసుకెళ్లాలి. ఛార్జీలు, మజూరీ కలిపితే మిగిలిందనుకున్న డబ్బు అక్కడే అయిపోతుంది.

కొత్తదే కావాలనుకుంటే యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనీజ్ జీఎస్ఆర్ 180, స్క్వయర్ సోనిక్ లాంటివి రూ.20 వేలకు అటూ ఇటూగా దొరుకుతాయి. స్క్వయర్ అంటే ఫెండర్ వాళ్ల తక్కువ ధర బ్రాండ్. ధరలు షాపును బట్టి, నెలను బట్టి మారుతుంటాయి కాబట్టి కొనే రోజున రెండు మూడు చోట్ల అడగండి. ఈ మూడింటిలో నా ఓటు యమహాకి. నా చేతికొచ్చిన యమహాలన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి, బాక్స్ తెరవగానే వాయించుకునేలా ఉన్నాయి. అడిగి చెప్పేవాళ్లు ఎవరూ లేనప్పుడు ఆ నమ్మకమే ముఖ్యం. షాపులో కొంటే డబ్బు కట్టే ముందే సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయడం) చేసివ్వమనండి. డబ్బు కట్టాక ఆ మాట ఎవరూ పట్టించుకోరు.

ఇక సెకండ్ హ్యాండ్. అదే పాతిక వేలకు, కొత్తగా కొంటే 35 వేలు దాటే బేస్‌లు దొరుకుతాయి. యమహా టీఆర్‌బీఎక్స్ 304, ఐబనీజ్ ఎస్ఆర్ 300, అదృష్టం బాగుంటే స్క్వయర్ క్లాసిక్ వైబ్. ఉద్యోగం కోసం ఊరు మారేవాళ్లు, కొని ఏడాది పాటు బ్యాగు కూడా తెరవనివాళ్లు అమ్ముతుంటారు. పైగా పేరున్న బేస్ ధర ఒకసారి పడ్డాక చాలాకాలం అక్కడే నిలబడుతుంది. మూడేళ్లు వాయించి అమ్మినా పెట్టిన దానిలో ఎక్కువ భాగం తిరిగొస్తుంది. ఊరూపేరూ లేని బ్రాండ్‌కి ఆ సౌకర్యం లేదు. దాన్ని కొనేవాడు కూడా కొత్తదే పది వేలు కదా అని బేరం మొదలుపెడతాడు.

అయితే చూసి కొనాలి. ముందు గిటార్‌ను శ్రుతి చేయమనండి. ఇది తప్పనిసరి. నాలుగు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. తీగలు వదులుగా ఉన్నప్పుడు నిటారుగా కనిపించే నెక్, శ్రుతి చేశాక విల్లులా వంగొచ్చు. శ్రుతి చేశాక బాడీ వైపు కంటి దగ్గర పెట్టుకుని నెక్ రెండు అంచుల వెంట చూడండి. ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి మెలి తిరిగినట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. మెలిక సరిచేయించడం ఆ బేస్ ధరకి గిట్టుబాటు కాదు.

మామూలు వంపు అయితే భయం లేదు. లావు తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఏడు ఎనిమిది ఫ్రెట్ల మధ్య తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే బాగున్నట్టే. సందు ఎక్కువున్నా, అసలు లేకపోయినా నెక్ లోపలుండే ట్రస్ రాడ్‌ను (లోహపు కడ్డీని) పావు చుట్టు అటో ఇటో తిప్పితే దారికొస్తుంది. కాబట్టి ఆ రాడ్ నట్టు తిరుగుతుందో లేదో చూపించమనండి. అలెన్ కీ పెడితే జారిపోతున్నా, నట్టు బిగుసుకుపోయినా ఎంత తక్కువ చెప్పినా వద్దు. మన దగ్గర రోహిణి ఎండకి, శ్రావణం ముసురుకి మధ్య చెక్క కదులుతూనే ఉంటుంది. ట్రస్ రాడ్ పనిచేయని బేస్‌తో ఏటా అవస్థే.

తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ నొక్కి వాయించండి, ముఖ్యంగా సన్న తీగ మీద 12వ ఫ్రెట్ దాటాక. అక్కడ స్వరం చచ్చినట్టు టప్‌మంటే ఫ్రెట్ లేచిందనో, అరిగిందనో అర్థం. ఆంప్‌కి (శబ్దం పెంచే స్పీకర్ పెట్టెకి) కలిపి నాబ్‌లు తిప్పి చూడండి. కరకరమంటే లోపల దుమ్ము ఉన్నట్టు, స్ప్రే కొడితే పోతుంది. రెండు లావు తీగలు వినిపిస్తూ రెండు సన్న తీగలు వినిపించకపోతే రెండు ముక్కలుగా ఉండే ప్రెసిషన్ తరహా పికప్‌లో ఒక సగం పోయినట్టు. అది మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకోండి. విశాఖ, కాకినాడ వైపు బేస్‌లకు బ్రిడ్జి (బాడీ మీద తీగలు కట్టే లోహపు భాగం) మీద తుప్పు మామూలే. తుప్పు చూసి వెనక్కి వచ్చేయకండి, దాన్ని బేరానికి వాడుకోండి. బ్రిడ్జి మార్చడం తేలిక, నెక్ మార్చడం కష్టం.

పికప్‌ల విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది. ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది, 1957లో దానికి రెండు ముక్కల పికప్ పెట్టారు. 1960లో రెండు పికప్‌లతో జాజ్ బేస్ వచ్చింది. ఈ రోజుకీ బడ్జెట్ బేస్‌లు చాలావరకు ఈ రెండింటి వారసులే. జాజ్ బేస్ గొంతులో రంగులు ఎక్కువ, నెక్ కూడా పైన సన్నం. కానీ దాని పికప్‌లు రెండూ సమానంగా తెరిచి ఉంచితేనే నిశ్శబ్దంగా ఉంటాయి. ఒకటి తగ్గించగానే హమ్ (గుయ్యిమనే రొద) మొదలవుతుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో, జనరేటర్ మీద నడిచే పెళ్లి పందిళ్లలో, చుట్టూ సీరియల్ లైట్లు పెట్టిన స్టేజీల మీద ఆ హమ్ భరించలేం. ప్రెసిషన్ పికప్ తయారీలోనే హమ్‌ను చంపేస్తుంది. ముందు ప్రెసిషన్ పికప్, వెనక జాజ్ పికప్ ఉండే పీజే తరహా బేస్ మనకు బాగా పనికొస్తుంది. హమ్ వస్తే వెనకది మూసేసి ముందు దానితో వాయించుకోవచ్చు. పైన చెప్పిన యమహా 174, ఐబనీజ్ 180 రెండూ పీజేలే.

యాక్టివ్ సర్క్యూట్ (బ్యాటరీతో నడిచేది) ఉన్న బేస్ తీసుకుంటే 9 వోల్టుల బ్యాటరీ మాట మర్చిపోకండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, వాయించకపోయినా, అది ఖర్చవుతూనే ఉంటుంది. ఆదివారం ఆరాధన మధ్యలో బేస్ మూగబోతే ఏం చేయాలో తోచదు. మొదటి బేస్‌గా బ్యాటరీ అక్కర్లేని పాసివ్‌కే నా మొగ్గు. ఐదు తీగలదా అంటే, ఈ ధరలో వద్దు. అదనంగా వచ్చే అడుగు తీగ వదులుగా, స్పష్టత లేకుండా మోగుతుంది.

ఇప్పుడు డబ్బు పంపకం. పాతిక వేలూ గిటార్ మీదే పోసేస్తే తర్వాత ఇబ్బంది. సెటప్‌కి, కొత్త తీగలకి, మంచి కేబుల్‌కి మూడు నాలుగు వేలు పక్కన పెట్టుకోండి. ఆంప్ కూడా కావాలి కదా అని చాలామంది టెన్షన్ పడతారు. నేనైతే మొదట్లో అక్కర్లేదనే అంటాను. చర్చిలో వాయించేవాళ్లకు గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ ఒకటి చాలు, దాని నుంచి నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది. ఇంట్లో సాధనకు జూమ్ బీ1 ఫోర్ లాంటి చిన్న పెడల్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. డ్రమ్ రిథమ్‌లు అందులోనే ఉంటాయి కాబట్టి తాళం తప్పకుండా సాధన చేయడం అలవాటవుతుంది. తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకోని బేస్ ప్లేయర్‌తో ఏ డ్రమ్మరూ సుఖంగా ఉండలేడు.

15 వాట్ల చిన్న ఆంప్ గదిలో బాగానే ఉంటుంది కానీ డ్రమ్స్ పక్కన వినపడదు. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. 8 అంగుళాల స్పీకర్ అంత కిందికి గట్టిగా మోయలేదు. మనం వినేది చాలావరకు పై స్వరాలే. ఆంప్ కొనాలనుకుంటే ఆగి, డబ్బు చేరాక, 10 అంగుళాల స్పీకర్‌తో 40 వాట్లకు తగ్గకుండా కొనండి. ఫెండర్ రంబుల్ 40 అలాంటిదే. దాని నుంచి మిక్సర్‌కి లైన్ కూడా ఇవ్వొచ్చు. మామూలు గిటార్ ఆంప్‌లో బేస్ గట్టిగా వాయిస్తే స్పీకర్ చిరిగిపోవచ్చు, అరువు తెచ్చిన ఆంప్ అయితే మరీ జాగ్రత్త.

కొనేటప్పుడే అమ్మే రోజు గురించి ఆలోచించడం మంచిది. బిల్లు, బాక్స్ దాచండి. పికప్‌లు, ట్యూనర్లు మార్చినా పాతవి పారేయకండి. అమ్మేటప్పుడు పాత భాగాలు తిరిగి పెట్టేసి, కొత్తవి విడిగా అమ్ముకుంటేనే డబ్బు ఎక్కువ వస్తుంది. ప్రకటనలో హెడ్‌స్టాక్ (నెక్ చివర తల భాగం) ముందు వైపు, వెనక సీరియల్ నంబర్, ఫ్రెట్లు దగ్గరగా, గీతలు, దెబ్బలు అన్నీ పగటి వెలుతురులో ఫొటో తీసి పెట్టండి. దెబ్బ దాచిపెడితే కొనేవాడు ఇంటికొచ్చాక దాన్ని పట్టుకుని రెండు వేలు తగ్గిస్తాడు. తీగలు కొత్తవి వేసి, సెటప్ చేయించి చూపిస్తే పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది. వాయించి చూడగానే మనిషి మనసు మారుతుంది.

కొంటానన్న మనిషి గిటార్ చూడకుండానే సరే అనేసి, తాను ఆర్మీలో ఉన్నానని చెప్పి, డబ్బు పంపుతా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే ఫోన్ పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొడితే మన డబ్బే పోతుంది. వేరే ఊరికి ఆర్టీసీ కార్గోలో పంపాల్సి వస్తే తీగలు పూర్తిగా వదులు చేసి, నెక్ వెనక నాలుగు స్క్రూలు విప్పి, నెక్, బాడీ విడివిడిగా బబుల్ షీట్‌లో చుట్టి పెట్టండి. ఆ స్క్రూలను చిన్న కవర్లో వేసి బాడీకి అంటించండి, తిరిగి బిగించే తీరు వీడియో తీసి పంపండి.