బరంపురంలో మావాడిని చేర్చిన వెయిట్‌లిఫ్టింగ్ జిమ్: ఆరు నెలల తర్వాత రివ్యూ

మూడున్నర స్టార్లు ఇద్దామనుకున్నా గానీ ఇక్కడ అర స్టార్ ఒప్పుకోదట, అందుకని నాలుగు కొట్టేశా. ఆ అర ఎక్కడ పోయిందో కింద రాస్తా, పిల్లల్ని చేర్పిద్దామనుకునేవాళ్ళు అది మాత్రం వదలకుండా చదవండి.

మాది బరంపురమే, అత్తగారి పుట్టిల్లు ఇచ్ఛాపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, మావాడికి కోపమొస్తే రెండూ కలుస్తాయి. వాడికి 14 నిండాయి, స్కూల్ ప్రేయర్ లైన్లో ముందునించి మూడోవాడు. ఆ బాధ లోపల ఉందో ఏమో ఒకరోజు అన్నం తింటూ తింటూ నేను వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటా అన్నాడు. ఎవర్ని చూసి పుట్టిందిరా ఈ బుద్ధి అంటే, మన ఊరి కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కేజీల ఒంటి బరువు కేటగిరీలో గోల్డ్ కొట్టాడు, 2014 గ్లాస్గోలో 77 కేజీల్లో సిల్వర్ కొట్టాడు అని గడగడా అప్పజెప్పాడు. ఆ గోల్డ్ వచ్చేసరికి వీడింకా పుట్టనే లేదు.

ఇంక మా అత్తగారు మొదలెట్టారు. "ఓలమ్మో, ఈ వయసులో బరువులెత్తితే పిల్లాడు గిడసబారిపోడూ, అసలే వాళ్ళ నాన్న పొట్టి, వీడు ఇంకా పొట్టయిపోతే పిల్లనెవరిస్తారే" అని. ఆవిడ చిన్నప్పుడు ధాన్యం మిల్లు దగ్గర బస్తాలు మోసే పిల్లల్ని చూశారట, ఒక్కడూ ఎదగలేదట. నిజం చెప్పొద్దూ నాకూ లోపల్లోపల భయమే. కానీ తర్వాత ఆలోచిస్తే ఆ పిల్లలు పొద్దున్న గంజి తాగి రాత్రి దాకా మోసినవాళ్ళు, కడుపు నిండా తిండి లేదు, నిద్ర లేదు, జ్వరమొచ్చినా పనే. వాళ్ళని గిడసబార్చింది బస్తానా ఆకలా?

ముందు చేర్చింది ఈ జిమ్‌లో కాదు, ఇంకో దాంట్లో, పేరెందుకు లెండి. అద్దాలు, ఏసీ, ఎర్ర లైట్లు, అన్నీ బానే ఉన్నాయి. మొదటి రోజే ట్రైనర్ కుర్రాడు పది పదిహేను మందిని బెంచ్ దగ్గర వరసగా నించోబెట్టి ఎవడెంత ఎత్తుతాడో చూద్దాం అని పోటీ పెట్టాడు, మావాడు మణికట్టు పట్టుకుని ఇంటికొచ్చాడు. అదృష్టం బావుండి ఉత్త బెణుకే, కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు, అత్తగారు ఏమీ అనలేదు, అనకపోవడమే ఇంకా భయం వేసింది.

మర్నాడు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన ముందు చేతికి ఎక్స్‌రే తీయించి అందులో ఎముక చివర సన్న గీతలా ఉన్నది చూపించారు, అదే గ్రోత్ ప్లేట్ అట. లేత మేక మాంసం తెచ్చుకున్నప్పుడు ఎముక చివర కరకరలాడే తెల్ల ముక్క ఉంటుందే, ఆ టైపు మెత్తటి పొర. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఆడపిల్లలకి ఇంచుమించు 14 నించి 16 మధ్య, మగపిల్లలకి ఇంకో రెండేళ్ళు అటుగా అది గట్టిపడి మూసుకుపోతుంది, ఆ తర్వాత ఏం తిన్నా ఏం వేలాడినా పొడుగవ్వరు. మరి బరువు ఎత్తితే ఇది నలిగిపోదా డాక్టర్ గారూ అంటే, గోడ మీంచి దూకినప్పుడు మీవాడి కాళ్ళ మీద ఒంటి బరువుకి కొన్ని రెట్లు పడుతుంది, అది రోజూ దూకుతూనే ఉన్నాడు కదమ్మా అన్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు కూడా 2020లో ఇదే చెప్పారట, దగ్గరుండి సరిగ్గా నేర్పేవాళ్ళుంటే పిల్లల ఎత్తుకి గానీ గ్రోత్ ప్లేట్లకి గానీ చేటు లేదని. దెబ్బ తగిలేది పద్ధతి రాకుండా, చూసేవాడు లేకుండా ఎక్కువ ఎత్తబోయినప్పుడు, లేదా ప్లేటు వేళ్ళ మీద పడేసుకున్నప్పుడు. అంటే ముందు జిమ్‌లో జరిగిందే.

తర్వాత ప్రిస్క్రిప్షన్ వెనక లెక్క వేశారు. నాన్న 165 సెంటీమీటర్లు, అమ్మ 155, రెండూ కూడి మగపిల్లాడు కాబట్టి 13 కలిపి రెండుతో భాగిస్తే 166న్నర, దానికి అటూ ఇటూ ఓ ఎనిమిది. అదే ఆడపిల్లయితే 13 తీసెయ్యాలట. ఎత్తులో పెద్ద వాటా తల్లిదండ్రులదే, మిగతాది తిండి, నిద్ర, జబ్బులు రాకుండా ఉండడం. ఆ కాగితం మా ఫ్రిజ్ మీద ఇంకా అంటించే ఉంది, మా ఆయన చూసినప్పుడల్లా ఇందులో నా తప్పేముంది అంటారు.

అలా వచ్చి పడ్డాం ఈ జిమ్‌లో. చూస్తే ఏమీ ఉండదు, హార్డ్‌వేర్ షాపు మీద ఒక హాలు, నేల మీద రబ్బరు మ్యాట్లు, తుప్పు పట్టిన ప్లేట్లు, గోడ మీద హనుమంతుడి పటం. కోచ్ గారు ఒడియా ఆయన, తెలుగు మనలాగే మాట్లాడతారు, నేర్పేటప్పుడు మాత్రం ఒడియానే, "పిఠి సిధా, పిఠి సిధా" అని, అంటే వీపు తిన్నగా. మొదటి మూడు వారాలు చేతికి ఇచ్చింది వెదురు కర్ర. మావాడి మొహం చూడాలి, ఇంట్లో కర్రసాముకి చేర్పించావా అమ్మా అని గొడవ. ఆ తర్వాత 5 కేజీల సన్న బార్, రెండో నెల దాటాక 15ది. పెద్ద బార్ ఉత్తదే 20 కేజీలు ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. నాకు నచ్చిందేంటంటే ఎత్తడం కంటే ముందు పడెయ్యడం నేర్పారు, బరువు ఆగట్లేదు అనిపిస్తే దాన్ని పట్టుకుని వేలాడకుండా ఎటు వదిలెయ్యాలి, తను ఎటు జరగాలి, అదే ఒక వారం. వారానికి మూడు రోజులే, ఎనిమిది పది సార్లు హాయిగా చెయ్యగలిగినంతే, ఎంత ఎత్తగలవో చూద్దాం అనే మాట అక్కడ నిషేధం. ఇప్పుడు మావాడు 20 బార్‌కి అటో 5 ఇటో 5 వేసి స్క్వాట్ చేస్తున్నాడు, అంటే బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఇక అసలు గొడవ నాలుగో నెలలో అయింది. మా వంటింటి గుమ్మం పక్కన పెన్సిల్ గీతలు ఉంటాయి, ప్రతి పుట్టినరోజుకీ పొద్దున్నే స్నానం చేయించి గీస్తాం. ఒకరోజు సాయంత్రం వీడు జిమ్ నించి వచ్చీ రాగానే అత్తగారు పట్టుకుని గోడకి నించోబెట్టారు. పాత గీత కంటే ఒక సెంటీమీటరు కిందకి వచ్చింది! ఇంక చూస్కోండి, ఇల్లు పీకి పందిరేశారు, నేను అనలేదా, కుంగిపోయాడు, రేపట్నించి వెళ్ళడానికి వీల్లేదు అని. నాకూ కాళ్ళు వణికాయి. కోచ్‌కి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, రేపు పొద్దున లేవగానే మళ్ళీ కొలవండమ్మా అన్నారు. కొలిచాం. పాత గీత కంటే పైకే వచ్చాడు. విషయం ఏంటంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు పగలంతా నించుని కూర్చుని నొక్కుకుపోతాయి, లోపలి నీరు తగ్గుతుంది, రాత్రి పడుకుంటే మళ్ళీ ఉబ్బుతాయి, అందుకని అందరం సాయంత్రానికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా తగ్గుతాం, బరువులు ఎత్తినా ఎత్తకపోయినా. అత్తగారు నమ్మలేదు, నన్ను కొలు అన్నారు, ఆవిణ్ణి రెండు పూటలా కొలిస్తే ఆవిడా తగ్గారు. అప్పటినించి ఆ మాట ఎత్తట్లేదు.

ఇంకో డౌటు అందరికీ ఉంటుంది, టీవీలో చూసే లిఫ్టర్లు పొట్టిగానే ఉంటారు కదా అని. టోక్యో ఒలింపిక్స్‌లో 49 కేజీల్లో సిల్వర్ తెచ్చిన మీరాబాయి చాను పొట్టిదే. కానీ అది బరువు ఎత్తి కాదు, చేతులు కాళ్ళు పొట్టిగా ఉంటే బార్ తక్కువ దూరం వెళ్తే చాలు, తక్కువ బరువు కేటగిరీల్లో అలాంటివాళ్ళే పైకొస్తారు. అదే టోక్యోలో రెండు రకాల లిఫ్టులూ కలిపి మొత్తం 488 కేజీలు ఎత్తిన జార్జియా ఆయన తలఖాద్జే ఆరున్నర అడుగులకి అంగుళం తక్కువ ఉంటాడు, ఆయన మరి కుంగలేదే. బాస్కెట్‌బాల్‌లో చేర్పిస్తే పొడుగవుతాడని మా వీధిలో ఒకావిడ చేర్పించింది, అదీ ఇలాంటి లెక్కే, పొడుగున్నవాళ్ళు ఆ ఆటలో మిగుల్తారు అంతే. అత్తగారిని చివరికి మెత్తబరిచింది మాత్రం ఇవేవీ కాదు, ఆమదాలవలస పిల్ల కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో బ్రాంజ్ తెచ్చిందే, ఆవిడా చిన్న వయసులోనే మొదలెట్టింది అన్నా. మన శ్రీకాకుళం పిల్లా, అయితే సరే అన్నారు.

ఇప్పుడు అర స్టార్ సంగతి. కింద కౌంటర్లో ఒక కుర్రాడు కూర్చుంటాడు, డబ్బాలు అమ్ముతాడు. మాస్ గెయినర్ అంటాడు, హైట్ పౌడర్ అంటాడు, నేను డబ్బా తిప్పి చూశా, చక్కెర, పాలపొడి, కొన్ని విటమిన్లు. ఆ డబ్బులకి నెలంతా గుడ్లు, పప్పు, చేపలు వస్తాయి, గోపాలపూర్ చేపలే వస్తాయి. అది పోనీ అనుకోండి, పెద్దవాళ్ళ బ్యాచ్‌లో పదిహేడేళ్ళ పిల్లలు కోర్సు, కోర్సు అని గుసగుసలాడుకోవడం మావాడే విన్నాడు, ఏం కోర్సురా అంటే కండలకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లట. డాక్టర్‌కి చెప్తే ఆయన మొహం మారిపోయింది. ఎదిగే వయసులో స్టెరాయిడ్లు వేస్తే గ్రోత్ ప్లేట్లు తొందరగా మూసుకుపోతాయి, ఇంకా ఎదగాల్సినవాడు అక్కడే ఆగిపోతాడు అన్నారు. అంటే మనం బార్‌ని చూసి భయపడుతున్నాం, ఎత్తు ఆపేది సిరంజిలో ఉంది. కోచ్‌కి చెప్పా, ఆయన ఆ పిల్లల నాన్నల్ని పిలిపించి మాట్లాడారు, ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. కౌంటర్ మాత్రం అలాగే ఉంది, ఓనర్ వేరేట, అద్దె వస్తుందట.

మిగతావి చిన్నవి. సాయంత్రం ఆరు దాటాక వెళ్ళకండి, కాలేజీ కుర్రాళ్ళు నిండిపోతారు, పాటల సౌండుకి కోచ్ మాట వినపడదు, చిన్న పిల్లలకి పొద్దున ఆరింటి బ్యాచే మంచిది. ఆడపిల్లలకి వేరే టైం ఉంది గానీ బాత్రూం గడియ విరిగి రెండు నెలలైంది. మెట్లు నిటారు, లైటు లేదు. నెలకి 600, యూపీఐ బోర్డు ఉంటుంది గానీ పనిచెయ్యదు, క్యాష్ పట్టుకెళ్ళండి.