గ్యారేజ్ సేల్ డబ్బా నుంచి 700 డాలర్ల స్కానర్ దాకా: ఆరేళ్లు విన్నాక నా రివ్యూ

ఈ పిచ్చి నాకు పట్టింది 2019 అక్టోబర్ 20 రాత్రి. మేం ఉండేది డల్లాస్‌కి ఉత్తరాన, ఆదివారం, పిల్లలు పడుకునే టైమ్‌కి టోర్నడో సైరన్లు మోగాయి, అందరం పోయి మెట్ల కింద క్లోజెట్‌లో దూరాం. నా చేతిలో ఎప్పుడో గ్యారేజ్ సేల్‌లో పది డాలర్లకి తెచ్చిన పాత స్కానర్ ఒకటి, అంటే ఫైర్, పోలీస్ వాళ్ళు రేడియోల్లో మాట్లాడుకునేది వినే డబ్బా. 162.400 మెగాహెర్ట్జ్ మీద వాతావరణ హెచ్చరికలు చెప్పే వెదర్ రేడియో ఖంగుమంటోంది, ఫైర్ డిపార్ట్‌మెంట్ ఛానెల్‌కి తిప్పితే మాత్రం గోడ అవతల ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది. సరే అని వాల్యూమ్ పెంచి, మళ్ళీ వెదర్‌కి వస్తే చిన్నోడు ఉలిక్కిపడి ఏడుపు. డబ్బా పాడైపోయిందనుకున్నా.

అది పాడవలేదు, దానికి వయసైపోయింది అంతే. అమెరికాలో రేడియో లైసెన్సులు చూసే ఎఫ్‌సీసీ పెట్టిన గడువు ప్రకారం 2013 జనవరి 1 కల్లా 150-174, 421-470 మెగాహెర్ట్జ్‌లో ఫైర్, పోలీస్, బిజినెస్ రేడియోలన్నీ 25 కిలోహెర్ట్జ్ ఛానెల్ నుంచి 12.5కి మారాలి. ఛానెల్ సన్నబడింది కాబట్టి డీవియేషన్, అంటే మాటకి సిగ్నల్ అటూ ఇటూ ఊగే మేర, అది కూడా 5 కిలోహెర్ట్జ్ నుంచి 2.5కి తగ్గింది. పాత సెట్టేమో ఇంకా 5 వస్తుందని కూర్చుంటుంది, దాంతో గొంతు సగానికి పడిపోతుంది. వెదర్ వాళ్ళు పాత వెడల్పులోనే ఉండిపోయారు, అందుకే వాళ్ళు మాత్రం గట్టిగా వస్తారు. మీ పాత స్కానర్ సంగతి తేల్చుకోవాలంటే ఇంతకన్నా ఈజీ టెస్ట్ లేదు, ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి చాలు.

ఇంకో తంటా కూడా ఉంది. ఏజెన్సీలన్నీ కలిసి వాడుకునే వీకాల్10 అనే ఛానెల్ 155.7525 మీద ఉంటుంది. నా డబ్బాలో అది కొట్టి ఎంటర్ నొక్కితే స్క్రీన్ మీద 155.755 అని పడుతుంది, మళ్ళీ కొట్టినా అంతే, నేనే తప్పు నొక్కుతున్నానేమో అని నాలుగుసార్లు కొట్టా. అది 5 కిలోహెర్ట్జ్ మెట్లు మాత్రమే ఎక్కగలదు, కొత్త ఛానెళ్ళేమో వీహెచ్‌ఎఫ్‌లో, అంటే ఆ 150-174 వైపు, 7.5 ఎడంలో ఉన్నాయి, అందుకని దగ్గర్లో ఉన్న మెట్టు మీద కూర్చుంటోంది. కొంచెం పక్కకి పోతే ఏమవుతుందిలే అనుకోకండి, సన్న ఛానెల్లో ఆ 2.5 తేడాకే మాట గరగరలాడుతుంది.

ఆ నెలలోనే యూనిడెన్ బీసీ125ఏటీ అనే కొత్త స్కానర్ కొన్నా. 500 ఛానెళ్ళు, పేర్లు పెట్టుకోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎం మోడ్ ఉంది, అదే మనకి కావలసిన నారోబ్యాండ్, అంటే ఆ సన్న ఛానెల్ కోసం. ప్రతి ఛానెల్‌కీ మాడ్యులేషన్ ఒకసారి చూసుకోండి, ఎఫ్‌ఎం అని ఉంటే ఎన్‌ఎఫ్‌ఎంకి మార్చండి, గొంతు టక్కున పెరుగుతుంది. రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది, 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో చాలాచోట్ల కరెంట్ పోయినప్పుడు ఇంట్లో మాట్లాడింది ఇదొక్కటే. బ్యాటరీ మూత తీస్తే లోపల చిన్న స్విచ్ ఉంటుంది, ఛార్జ్ అయ్యేవి వేశామా మామూలు ఆల్కలైన్ వేశామా చెప్పడానికి, మామూలువి వేసి ఆ స్విచ్ రీఛార్జబుల్ వైపు ఉంచి యూఎస్‌బీ గుచ్చకండి, కారిపోతాయి.

పక్క కౌంటీ వాలంటీర్ ఫైర్ వాళ్ళు దీన్లో శుభ్రంగా వచ్చారు. మా సిటీ పోలీసులు మాత్రం ఒక్క ముక్క లేదు, మిక్సీ తిరుగుతున్నట్టు బుర్రుమని మోత. అది పీ25, అంటే గొంతుని అంకెలుగా మార్చి పంపే డిజిటల్ పద్ధతి, ఇలాంటి పాత పద్ధతి అనలాగ్ స్కానర్‌కి ఎప్పటికీ అర్థం కాదు. నారోబ్యాండ్ అని అట్ట మీద రాసుంటే అన్నీ వస్తాయనుకోవడం, అదే నేను చేసిన తప్పు. కొనేముందు ఎఫ్‌సీసీ లైసెన్స్ రికార్డులో మీ ఊరి ఎంట్రీ తీసి, సిగ్నల్ ఏ రకమో చెప్పే ఎమిషన్ కోడ్ చూడండి: 11కే2ఎఫ్3ఈ అంటే నారోబ్యాండ్ అనలాగ్, చవకది చాలు, 8కే10ఎఫ్1ఈ అంటే పీ25, జేబు తడుముకోండి.

పీ25లో ఇంకో మెలిక సిమల్‌కాస్ట్. నాలుగైదు టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి మాట్లాడతాయి, అన్నీ కలిసి మన దగ్గరికొచ్చేసరికి కలగాపులగం. ఆఫీసులో ఒకన్న తన పాత డిజిటల్ స్కానర్ వారం ఇచ్చాడు, హైవే మీద బంగారంలా పనిచేసింది, ఇంటికొస్తే నాలుగు మాటల్లో మూడు మింగేసేది. "గది మార్చి చూడు తమ్ముడూ" అన్నాడు, నిజంగానే బాత్రూంలో బావుంది, కానీ రోజూ బాత్రూంలో కూర్చోలేం కదా. చివరికి యూనిడెన్ వాళ్ళదే ఎస్‌డీఎస్100 అనే డిజిటల్ స్కానర్ తీసుకున్నా, దాదాపు 700 డాలర్లు, సిమల్‌కాస్ట్‌ని తట్టుకోవడానికే వేరే రకం రిసీవర్ పెట్టారు అందులో. జిప్‌కోడ్ కొడితే ఛానెళ్ళన్నీ అదే తెచ్చుకుంటుంది. హాల్లో సోఫా మీదే వినగలుగుతున్నా ఇప్పుడు.

వినగలుగుతున్నా అంటే ఫైర్, అంబులెన్స్ వరకే. పోయినేడు మా పోలీసులు ఎన్‌క్రిప్షన్ పెట్టేశారు, అంటే బయటివాళ్ళకి అర్థం కాకుండా మాటలకి తాళం వేసేశారు. ఎన్‌క్రిప్ట్ అయినదాన్ని 100 డాలర్ల స్కానరూ విప్పలేదు, 700దీ విప్పలేదు, విప్పుతుందని ఎవడైనా అమ్మజూపితే వాడికో దండం. ముందే తెలిసుంటే కొనేవాడినా? డౌటే.

ఆ మధ్య గుంటూరు నుంచి వచ్చిన నాన్న వారం రోజులు దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు. "ఏరా, ఇలా వింటే పట్టుకుపోరా?" అంటే ఇక్కడ ఇంట్లో కూర్చుని వింటే ఫర్లేదు నాన్నా, న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి చోట్ల కార్లో పెట్టుకుంటేనే చిక్కు అని చెప్పా. వెళ్ళేటప్పుడు ఆ పాత డబ్బా అడిగాడు. ఇవ్వలేదు, ఇండియాలో 1933 చట్టం నాటి నుంచీ వైర్‌లెస్ సెట్ ఇంట్లో ఉంచుకోవాలన్నా లైసెన్స్ సంగతి చూసుకోవాలి, ఎయిర్‌పోర్ట్‌లో ఈ వయసులో ఆయనకెందుకు ఆ గోల. అది ఇప్పుడు వంటింట్లో పోపుడబ్బా పక్కనే ఉంది, 162.400 మీద. దానికి వచ్చిన పని అదొక్కటే, అది మాత్రం ఖంగుమని చేస్తుంది.