చెన్నై తేమలో ఫైన్ ఆర్ట్ పేపర్: మూడు కాగితాల మీద మా తీర్పు

హానెమ్యూలె ఫొటో ర్యాగ్ 308, కాన్సన్ ర్యాగ్ ఫొటోగ్రాఫిక్ 310, కాన్సన్ ప్లాటిన్ ఫైబర్ ర్యాగ్ 310. ఇంట్లో మంచి ప్రింట్లు తీయాలనుకునేవాళ్ల చూపు తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరే ఆగుతుంది. మూడూ నూరు శాతం పత్తి కాగితాలే, బరువు (పేరులోని అంకె, చదరపు మీటరుకు గ్రాముల్లో, అంటే జీఎస్ఎం) ఇంచుమించు సమానమే, మూడూ ఖరీదైనవే. తయారీదారులూ నిన్నమొన్నటివాళ్లు కారు: హానెమ్యూలె జర్మనీలో 1584లో, కాన్సన్ ఫ్రాన్స్‌లో 1557లో పుట్టాయి. మా తీర్పు ముందే చెప్పేస్తాం. మీరు చెన్నైలో ఉంటూ, పిగ్మెంట్ ఇంకు (సన్నని రంగు రేణువులుండే ఇంకు) ప్రింటరు వాడుతూ, ఒకే ఒక్క డబ్బా కొనగలిగితే ప్లాటిన్ కొనండి. రెండోది కొనే స్తోమత ఉంటే అప్పుడు మ్యాట్ (మెరుపు లేని కాగితం) గురించి ఆలోచించండి.

కారణం నలుపులో ఉంది. ఫొటో ర్యాగ్, ర్యాగ్ ఫొటోగ్రాఫిక్ రెండూ మ్యాట్. మ్యాట్ కాగితం మీద ఎంత మంచి ప్రింటరుతో తీసినా నలుపు సాంద్రత (నలుపు ఎంత గాఢమో చెప్పే కొలత) 1.6 నుంచి 1.7 దగ్గర ఆగిపోతుంది. ప్లాటిన్ లాంటి శాటిన్ (కొద్దిపాటి మెరుపున్న) కాగితం మీద అది 2.3 దాటుతుంది. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఇది లాగరిథమ్ కొలత. మ్యాట్ మీది నలుపు తన మీద పడ్డ వెలుగులో సుమారు 2 శాతాన్ని వెనక్కి పంపుతుంది, ప్లాటిన్ మీది నలుపు అర శాతానికి అటూ ఇటూ. అంటే నాలుగైదు రెట్ల తేడా. మార్గళి (ధనుర్మాసం) కచేరీల్లో వేదిక వెనక చీకటి, గర్భగుడి దీపం చుట్టూ ఉండే నీడ, రాత్రి వానలో తడిసిన రోడ్డు: ఇలాంటి ఫొటోలు మ్యాట్ మీద బూడిద పట్టినట్టు వస్తాయి. రంగుల పరిధీ అంతే. కంచిపట్టు చీర మీది కుంకుమ ఎరుపు, నెమలి కంఠం నీలం మ్యాట్ మీద ఒక మెట్టు దిగుతాయి.

అలాగని మ్యాట్‌ను తక్కువ చేయడం లేదు. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు దాన్ని మించినది లేదు. ముసలివాళ్ల ముఖాల్లోని ముడతలు, తెల్లవారుజామున మెరీనా మీద మంచు, పులికాట్‌లో రాజహంసల లేత గులాబీ, ఇలా తెలుపుకీ మధ్యస్థ బూడిదరంగుకీ మధ్య జరిగే కథ ఉన్న ఫొటోలకు మ్యాట్ ఇచ్చే మెత్తదనం ప్లాటిన్‌కు రాదు. ఏ కోణం నుంచి చూసినా మెరుపు అడ్డురాదు. కానీ చెన్నైలో ప్రింటును అద్దం లేకుండా గోడకు వేలాడదీయడం కుదరని పని. దుమ్ము, సముద్రపు గాలి, తేమ దాన్ని మిగల్చవు. అద్దం పెట్టగానే మ్యాట్‌కున్న ఆ స్పర్శ, మెరుపు లేనితనం అద్దం వెనక్కి పోతాయి, బలహీనమైన నలుపు మాత్రం అలాగే మిగులుతుంది. ఫ్రేముకు ప్లాటిన్, ఆల్బమ్‌కూ పోర్ట్‌ఫోలియో పెట్టెకూ మ్యాట్ అని మేము అనేది ఇందుకే.

రెండు మ్యాట్లలో ఏది? ఫొటో ర్యాగ్ ఉపరితలంలో దగ్గరగా చూస్తే తెలిసే సన్నని గరుకు ఉంటుంది. ర్యాగ్ ఫొటోగ్రాఫిక్ ఇంకా నునుపు. సన్నని గీతలున్న భవనాల ఫొటోలకు, చిన్న సైజు ప్రింట్లకు రెండోదే మేలు. ఇంకో తేడా తెలుపులో ఉంది. ఫొటో ర్యాగ్‌లో కొద్దిగా ఆప్టికల్ బ్రైటెనర్లు కలుపుతారు, కాన్సన్ రెండింటిలోనూ అవి లేవు. బ్రైటెనర్ అతినీలలోహిత కాంతిని పీల్చి నీలి కాంతిగా వదులుతుంది, అందుకే కాగితం మల్లెపువ్వులా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రసాయనం అరిగిపోయి కాగితం తన అసలు రంగుకు, కాస్త పసుపుకు తిరుగుతుంది. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. మన ఇళ్లలోని ఎల్ఈడీ దీపాల్లో అతినీలలోహితం దాదాపు ఉండదు. కాబట్టి షాపు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తళతళలాడిన తెలుపు ఇంటి గోడ మీద అలా కనిపించదు. నకిలీ నోట్లు చూసే చిన్న యూవీ టార్చి చీకట్లో కాగితం మీద వేయండి. నీలంగా వెలిగితే బ్రైటెనర్ ఎక్కువ, వెలగకుండా ఉండిపోతే లేనట్టే. కొనేముందు చేయాల్సిన పరీక్షల్లో ఇంత చవకైనది మరొకటి లేదు.

పిగ్మెంట్ ప్రింటరు అని షరతు పెట్టడానికి కారణం ఉంది. ఎప్సన్ ఎల్8050, ఎల్18050 లాంటి ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్లలో ఉండేది డై ఇంకు (ద్రవంలో కరిగిన రంగు), మ్యాట్ బ్లాక్ (మ్యాట్ కాగితాల కోసం వేరుగా ఉండే నలుపు ఇంకు) ఉండదు. వాటితో పత్తి కాగితం మీద ప్రింటు వస్తుంది గానీ మన్నిక పిగ్మెంటుకు సాటిరాదు, మందపాటి షీటును లాగడంలోనూ ఇబ్బంది వస్తుంది. నూరేళ్లు నిలిచే కాగితం మీద అంతకాలం నిలవని ఇంకు వేయడం డబ్బు దండగ. ఆ ప్రింటర్లకు 260 జీఎస్ఎం లస్టర్ (కొద్దిగా మెరిసే) ఫొటో పేపరే సరైన జోడీ. ఎప్సన్ పీ700, పీ900, కేనన్ ప్రో-300, ప్రో-1000 ఉన్నవాళ్లకు ఈ మూడు కాగితాలూ పనికొస్తాయి. వీటన్నిట్లో ఫొటో బ్లాక్ (మెరుపు కాగితాలకు వాడే నలుపు), మ్యాట్ బ్లాక్ వేర్వేరు నాజిళ్లలోంచి వస్తాయి కాబట్టి కాగితం మారినప్పుడల్లా ఇంకు మార్చి వృథా చేసే బెడద లేదు. పీ800 లాంటి పాత మోడళ్లలో ఆ బెడద ఉంది. అలాంటిది వాడేవాళ్లు నెలంతా ఒకే రకం కాగితానికి కట్టుబడడం మంచిది.

ఇక చెన్నై గొడవ. ఈ కాగితాలకు నచ్చే గాలి తేమ 40 నుంచి 55 శాతం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో ఇక్కడ ఉదయం పూట 80 దాటడం మామూలే. అడయారు, బెసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో మిగతా నెలల్లోనూ పెద్దగా దిగదు. పత్తి తేమను పీల్చి ఉబ్బుతుంది. పూత ఒకవైపే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉబ్బక షీటు వంగుతుంది. వంగిన అంచుకు ప్రింట్ హెడ్ (ఇంకు చిమ్మే భాగం) తగులుతుంది. అంచు వెంబడి నల్లటి గీతలు, మరకలు కనిపిస్తే అది ఇంకు లీకు కాదు, హెడ్ రాసుకోవడమే. షీటు పాడవడం చిన్న నష్టం, హెడ్ దెబ్బతింటే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది.

దీనికి చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. డబ్బాను లోపలి ప్లాస్టిక్ కవరుతో సహా, సిలికా జెల్ పొట్లాలు వేసి, స్టీలు బీరువాలో పడుకోబెట్టి ఉంచండి. నిలబెట్టొద్దు, నేల మీద అసలే వద్దు. ప్రింటు తీసే గదిలో ఏసీ ముందే వేసి, హైగ్రోమీటరులో (తేమ కొలిచే పరికరం) తేమ 55 కిందికి వచ్చాకే కవరు విప్పండి. కావలసిన షీట్లు మాత్రం తీసి వెంటనే మూసేయండి. వంగిన షీటును, మధ్యలో మెత్తని తెల్ల కాగితం పెట్టి, వంపుకు ఎదురు దిశలో లావుపాటి గొట్టానికి ఒక నిమిషం వదులుగా చుట్టి తీస్తే సర్దుకుంటుంది. డ్రైవర్‌లో ప్లాటెన్ గ్యాప్‌ను (హెడ్‌కూ కాగితానికీ మధ్య ఎడం) వైడ్‌కు మార్చండి, మందపు షీట్లకు కేటాయించిన ఫీడ్ దారిలోనే పెట్టండి, బొమ్మ చుట్టూ 25 నుంచి 30 మిల్లీమీటర్ల తెల్ల అంచు వదలండి. ఆ అంచు తర్వాత ఫ్రేము కట్టేటప్పుడూ అక్కరకొస్తుంది. వాన పట్టిన రోజు ఏసీ లేకుండా ఏ3 ప్లస్ (13 బై 19 అంగుళాల) ప్రింటు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పత్తి మ్యాట్‌కు ఇంకో జబ్బు నూగు. కొత్త తువ్వాలు నుంచి రాలినట్టు దాని నుంచి సన్నని పోగులు రాలుతుంటాయి. ప్రింటుకు ముందు ఉపరితలం మీద పోగు ఉంటే ఇంకు దాని మీద పడుతుంది, ఆరాక పోగు ఊడి అక్కడ తెల్లచుక్క మిగులుతుంది. ముదురు ఆకాశంలో ఆ చుక్క దూరం నుంచే పొడుచుకొస్తుంది. షీటును నిలువుగా పట్టుకుని మెత్తని వెడల్పు బ్రష్షుతో పైనుంచి కిందికి రెండుసార్లు దులిపి, బ్లోయరుతో ఊదితే చాలావరకు పోతుంది. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పూతను పాడుచేస్తుంది. ప్లాటిన్‌లో ఈ జబ్బు చాలా తక్కువ. దాని బలహీనత గీతలు. గోరు తగిలినా, షీటు మీద షీటు జారినా నల్లటి భాగంలో గీత పడుతుంది. పక్కకు వంచి చూస్తే ఇంకు ఉన్నచోటికీ లేనిచోటికీ మెరుపులో కొద్ది తేడా కూడా కనిపిస్తుంది, అద్దం వెనక అది తెలియదు.

పూత ఏ వైపు ఉందో ప్లాటిన్‌లో చూపుకే తెలుస్తుంది. మ్యాట్‌లో తికమక పడతారు. మూలను కొద్దిగా తడిచేసిన రెండు వేళ్ల మధ్య పట్టుకోండి, అంటుకునే వైపే పూత ఉన్న వైపు. తప్పు వైపు ప్రింటు తీస్తే ఇంకు పీల్చుకుపోయి బొమ్మ పాలిపోయి, అంచులు చెదిరి వస్తుంది.

ఇంత మంచి కాగితం కొని కూడా రంగులు చెడిపోతున్నాయంటే సాధారణంగా కారణం సెట్టింగు. కాగితం కంపెనీ సైటులో మీ ప్రింటరు మోడల్‌కూ ఆ కాగితానికీ సరిపోయే ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద ఆ ప్రింటరు రంగులు ఎలా వేస్తుందో చెప్పే ఫైలు) ఉచితంగా దొరుకుతుంది. దానితోపాటు ఇచ్చే సూచనల్లో ఏ మీడియా టైపు ఎంచుకోవాలో రాసి ఉంటుంది, అది చదవకుండా వదిలేయొద్దు. ఎంత ఇంకు పడాలో, ఏ నలుపు వాడాలో నిర్ణయించేది మీడియా టైపే. ప్లాటిన్‌కు మ్యాట్ టైపు పెడితే మ్యాట్ బ్లాక్ పడి, ఆరకుండా చేతికి అంటుతుంది. మ్యాట్‌కు గ్లాసీ టైపు పెడితే నలుపు వెలవెలబోతుంది. ఫొటోషాప్‌లో రంగుల నిర్వహణ ఫొటోషాప్‌కే అప్పగించి, ప్రింటర్ డ్రైవర్‌లో దాన్ని పూర్తిగా ఆపేయండి. రెండుచోట్లా నడిస్తే చర్మం రంగులు గులాబీకో ఎరుపుకో ఒరుగుతాయి. ప్రింట్ సెట్టింగుల్లో రంగులను సర్దే పద్ధతిగా రెలటివ్ కలరిమెట్రిక్ ఎంచుకుని, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఆన్ చేసి మొదలుపెట్టండి. పట్టుచీరల్లాంటి గాఢమైన రంగులు ముద్దగా వస్తే పర్సెప్చువల్ అనే ఇంకో పద్ధతితో పోల్చి చూడండి. నలుపు తెలుపు ఫొటోలకు ఎప్సన్‌లోని అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ చక్కటి తటస్థ బూడిదలు ఇస్తుంది. పీ700, పీ900లో ప్లాటిన్ మీద కార్బన్ బ్లాక్ మోడ్ వేస్తే నలుపు ఇంకా గాఢమవుతుంది.

ప్రింటు చీకటిగా వచ్చిందనే ఫిర్యాదుకు కాగితాన్ని తిట్టే ముందు మానిటర్ చూసుకోండి. ఫ్యాక్టరీ వెలుగుతో వదిలేస్తే స్క్రీన్ ప్రింటు కన్నా ఎంతో కాంతిగా ఉంటుంది. 80 నుంచి 120 నిట్ల (స్క్రీన్ వెలుగు కొలత) మధ్యకు దించి, సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే నమూనా) వేసుకుని సవరించండి. సైజు లెక్క సులువు: 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000 బై 4000 చుక్కలు, అంగుళానికి 300 చొప్పున 20 బై 13 అంగుళాలు, అంటే ఏ3 ప్లస్ నిండా వస్తుంది.

డబ్బా కొనేముందు శాంపిల్ ప్యాక్ తెప్పించుకోండి. రెండు కంపెనీలకూ ఉన్నాయి. ఏ4 షీటులో మీ ఫొటో నుంచే మూడు ముక్కలు పక్కపక్కన వేయండి: లోతైన నీడ ఒకటి, చర్మం ఒకటి, మబ్బు లాంటి లేత తెలుపు ఒకటి. ఒక రోజు ఆరాక, ప్రింటు ఏ గోడ మీద ఉండబోతుందో ఆ గోడ దీపం కిందే చూడండి. అక్కడ పసుపు బల్బు ఉంటే కాన్సన్ కాగితాల సహజమైన వెచ్చదనం ఇంకా పెరుగుతుంది, కొందరికి అది నచ్చదు. గ్రీమ్స్ రోడ్డులోని లలిత కళా అకాడమీలో ఫొటో ప్రదర్శన జరిగినప్పుడు వెళ్లి, ప్రింట్లను ఎదురుగా కాక పక్క నుంచి వంగి చూడండి. కాగితాల మధ్య తేడా కేటలాగు కన్నా అక్కడే బాగా బోధపడుతుంది.

ఫ్రేము షాపులో కాస్త గట్టిగా మాట్లాడాలి. ప్రింటు కనీసం 24 గంటలు గాలికి ఆరాలి, లేకపోతే ఇంకులోని ద్రావకాలు ఆవిరై అద్దం లోపల మసక తెర కడతాయి. అద్దం ప్రింటును తాకకూడదు. మన తేమలో తాకినచోట అతుక్కుపోతుంది, పీకితే పూత ఊడుతుంది. మధ్యలో యాసిడ్ లేని మౌంట్ బోర్డు (ప్రింటు చుట్టూ అంచులా పెట్టే అట్ట), పెద్ద సైజుకు స్పేసరు (ఎడం కోసం పెట్టే పట్టీ) కూడా అడగండి. వెనక గోధుమరంగు హార్డ్‌బోర్డు నేరుగా ఆననివ్వొద్దు. ఫెవికాల్, రెండువైపులా అంటుకునే టేపు, లామినేషన్ మూడూ వద్దు, పై అంచున రెండు కాగితపు హింజీలు (ప్రింటును పట్టి ఉంచే పట్టీలు) చాలు. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు బిళ్లలు పెట్టిస్తే గోడ చెమ్మకు, చెక్కకు మధ్య గాలి ఆడుతుంది.

ప్రింటరు కొనకుండా ల్యాబులో తీయించుకునేవాళ్లు ‘ఆర్కైవల్ ప్రింటు’ (ఏళ్ల తరబడి నిలిచే ప్రింటు) అనే మాటతో సరిపెట్టుకోవద్దు. కాగితం కంపెనీ, పూర్తి పేరు, జీఎస్ఎం అడగండి, ప్రింటరు మోడల్ అడగండి, సాఫ్ట్ ప్రూఫ్‌కు వాళ్ల ప్రొఫైల్ పంపమనండి. ఈ మూడింటికి ఫోన్లోనే తడుముకోకుండా జవాబిచ్చే ల్యాబులో ముందు ఒక ఏ4 ప్రింటు తీయించి, బిల్లు మీద కాగితం పేరు రాయించుకోండి.