ఏడేళ్లుగా నా చెవిలో ఈ మరగొంతు

కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ఎన్వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ గురించి నాలాంటి చూపు లేనివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఉచితం, విండోస్‌లో నడుస్తుంది, 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, ఆయనకీ చూపు లేదు. నేను రాసేది అందులో ఒక్క గొంతు గురించే. దాని పేరు ఈస్పీక్.

మా ఇంట్లో అదంటే అందరికీ చిరాకు. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటుందని మా ఆవిడ అంటుంది. నాకూ మొదటి నెలంతా తలనొప్పే. ఇది మనిషి మాటలు రికార్డు చేసి అతికించిన గొంతు కాదు, శబ్దాన్ని లెక్కగట్టి పుట్టిస్తుంది. తీపి లేదు గానీ, రేట్ బూస్ట్ (వేగాన్ని ఇంకా పెంచే సెట్టింగు) పెట్టి పరిగెత్తించినా అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. మనిషిలా పలికే గొంతుల్ని అంత వేగంలో వింటే నాకు ముద్దముద్దగా ఉంటుంది.

తెలుగైతే రాసింది రాసినట్టు చదువుతుంది. దీర్ఘం పోతే పోయినట్టే వినిపిస్తుంది. తెలుగు మేస్టారికి ఇంకేం కావాలి? "తెలుగులో ఏదిచ్చినా చదివేస్తుంది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

పోయినేడు మా అక్క కూతురి పెళ్లి. ప్రెస్సువాళ్లు పంపిన శుభలేఖ ప్రూఫు పీడీఎఫ్‌ని బావ నాకు తోసి, "మేస్టారివి కదరా, తప్పులుంటే చూసిపెట్టు" అన్నాడు. తెరిస్తే డాలర్, పర్సెంట్, బ్రాకెట్, మధ్యమధ్య ఇంగ్లిష్ అక్షరాలు. లాప్‌టాప్ పాడైందేమోనని రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. తీరా చూస్తే అది పాత డీటీపీ ఫాంటు. అందులో పైకి కనిపించేదే తెలుగు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లే. కంటికి "శుభలేఖ", నా గొంతుకి చెత్త. ఏదిచ్చినా అన్నాను గదా, యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరాల కోడ్‌లే ఉండే పద్ధతిలో, ఇస్తేనే అని కలుపుకోండి.

చివరికి మా అబ్బాయి ఆ పేజీని బొమ్మగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో వేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్టుగా మార్చడం) చేయించాడు. కంప్యూటర్‌లో టైపు చేసిన దానికే మళ్లీ ఫోటో తీసి అక్షరాలు ఏరుకోవడం! సరే, చదివించాను. మూడు చోట్ల చెవికి గుచ్చుకుంది. "పెళ్లికుతురు", "ముహుర్తం", "ఆహ్వనం". తప్పు ప్రెస్సుదో ఓసీఆర్‌దో నాకెలా తెలుస్తుంది? మా మేనకోడల్ని కార్డు చూడమన్నాను. మొదటి రెండూ కార్డులో బానే ఉన్నాయట, ఓసీఆరే దీర్ఘాలు మింగింది. మూడోది మాత్రం ప్రెస్సు తప్పే, పైగా పెద్దక్షరాల్లో. అప్పటికి ఇంట్లో పదిమంది ఆ ప్రూఫు చూసి బాగుందన్నారు. ఆ పూట ఆ గులకరాళ్ల గొంతుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

పద్యాలకి మాత్రం పనికిరాదు. ఉత్పలమాలని బస్టాండులో అనౌన్స్‌మెంటులా లాగించేస్తుంది. పద్యం పాఠమున్న రోజు మా ఆవిడ చేతే చదివించుకుంటాను.

మీకు నప్పుతుందా అంటే చెప్పలేను. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్, బరువైన గొంతులు దాని మీద తడబడతాయి. పదో తరగతి దాకా నాకు చూపుండేది కాబట్టి, దీర్ఘం ఎక్కడ జారిందో వినగానే అక్షరం కళ్లకు కడుతుంది. పుట్టుకతో చూపు లేని నా స్నేహితుడొకడున్నాడు, ఫోన్‌లోని మెత్తటి గొంతుకి అలవాటుపడ్డాడు. ఇది వినిపిస్తే రెండో నిమిషానికల్లా హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టేస్తాడు.