వీరేశలింగం చురక, గురజాడ వ్యంగ్యం: ఏది గట్టిగా తగులుతుంది?
ముసలాళ్ళకి పసిపిల్లల్ని కట్టబెట్టడాన్ని ఇద్దరూ ఉతికి ఆరేశారు. వీరేశలింగం ప్రహసనాల్లో చురక నేరుగా ఉంటుంది, ఎవర్ని చూసి నవ్వాలో మొదట్లోనే తెలిసిపోతుంది, ఆ రోజుల్లో అదీ కావాల్సిందే, కాదనను. కానీ చదివి 'వాడికి బాగా అయింది' అనుకుని పక్కన పెట్టేస్తాం.

'కన్యాశుల్కం' (1897) అలా వదలదు. గురజాడ ఎవర్నీ తిట్టడు, గిరీశాన్ని మాట్లాడనిస్తాడు, అంతే. వితంతు వివాహాల మీద లెక్చర్లు దంచే ఆ పెద్దమనిషి, పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వచ్చేసరికి మంచం కింద దూరతాడు. నవ్వుతాం, అయినా అతని ఇంగ్లీషు ముక్కలకి కాస్త పడిపోతాం, దొరికిపోయేది అక్కడే. పైగా సంస్కరణ వైపే ఉంటూ సంస్కర్తల వేషాలకీ వాత పెట్టాడు చూడండి, నా ఓటు అందుకే ఆయనకి.