గాట్‌మన్ కార్డ్ డెక్స్ యాప్: గొడవ లేని రోజున తెరవండి

దంపతులు మనసు విప్పి మాట్లాడుకోవడానికి అమెరికాలో సియాటిల్‌లోని గాట్‌మన్ ఇన్‌స్టిట్యూట్ ఉచితంగా ఇస్తున్న యాప్ ఇది. ప్రశ్నలు, మాటలు రాసిన కార్డులు వెయ్యికి పైగా, అంశాన్ని బట్టి కట్టలుగా ఉంటాయి. అన్నీ ఇంగ్లీషులోనే.

ఎదుటివాళ్ల లోకం మనకెంత తెలుసో చూసే 'లవ్ మ్యాప్స్' కట్ట ఒక్కదానికోసమైనా ఈ యాప్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నా దగ్గరి స్నేహితులు ఇద్దరి పేర్లు చెప్పు, ఈమధ్య నన్ను ఏ బెంగ పట్టుకుంది, ఇలాంటి ప్రశ్నలు. పెళ్లయి పదేళ్లు దాటినవాళ్లు తడబడేది రెండోరకం దగ్గరే. ఇష్టమైన కూర మారకపోవచ్చు గానీ ఆఫీసు బెంగలు నెలనెలా మారతాయి. జవాబు తప్పితే సరైనది చెప్పి ముందుకెళ్లాలి. "ఇన్నేళ్లయినా ఇది కూడా తెలీదా?" అన్నారో, ఆట అక్కడితో సరి. కాపురానికి చేటని దాంపత్యాలపై పరిశోధించిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ గుర్తించిన నాలుగింటిలో ఈ దెప్పిపొడుపు ఒకటి. మిగతావి చులకన, ఎదురు సమర్థింపు, నోరు మెదపకుండా బిగుసుకుపోవడం. నాలుగింటిలోనూ చులకనే ఎక్కువ ప్రమాదం.

పూటకు మూడు నాలుగు కార్డులు చాలు. కార్డుకోసారి ఫోను చేతులు మారాలి, లేకపోతే ఇంటర్వ్యూ అయి కూర్చుంటుంది. నచ్చని కార్డు దాటేసే హక్కు ఇద్దరికీ ఉండాలి. మెచ్చుకోలు కట్టలో ఏది వచ్చినా ఈ వారం జరిగిన సంగతి ఒకటి జోడించండి. "నీకు ఓపిక ఎక్కువ" అంటే గాల్లో కలిసిపోతుంది. "మొన్న అమ్మను ఆసుపత్రిలో నువ్వు చూసుకోబట్టి సరిపోయింది" అంటే నిలుస్తుంది.

అవసరాలు చెప్పుకునే 'ఎక్స్‌ప్రెసింగ్ నీడ్స్' కట్టను మాత్రం వాదన మధ్యలో తీయకండి. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు. కనీసం 20 నిమిషాలు విడివిడిగా ఉండాలి. ఆ సేపంతా మనసులో వాదిస్తూ కూర్చుంటే ఫలితం సున్నా.

'సల్సా' (కారపు పచ్చడి) పేరుతో ఉన్న మూడు కట్టలు పడకగదివి, కారం మోతాదును బట్టి విడగొట్టారు. పిల్లల చేతికి వెళ్లే ఫోన్లో పెట్టుకోవద్దు.

1997లో మనస్తత్వవేత్త ఆర్థర్ ఏరన్ బృందం ప్రచురించిన 36 ప్రశ్నలతో దీన్ని పోల్చేవాళ్లున్నారు. అవి కొత్తవాళ్ల మధ్య 45 నిమిషాల్లో చనువు పుట్టించడానికి రాసినవి. పాత జంటకు ఈ యాపే నయం.

కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఇది వద్దు. అక్కడ మనసు విప్పి చెప్పిన మాటే రేపు ఆయుధమవుతుంది. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది. ఇక పుట్టింటికి డబ్బు పంపడం లాంటి ఏళ్లనాటి తగువులు కార్డులతో తెగవు. దంపతుల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ తెగనివేనని గాట్‌మన్ లెక్కే చెబుతోంది.